నాన్నా, ఆ గోడకి సిమెంటు పట్టించకు

సవానా, జార్జియా, అమెరికా
ఆదివారం రాత్రి

నాన్నా,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పింది విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మండువా ఇంటికి సందు వైపు గోడ ఉంది కదా, దాని సున్నపు గార అంతా చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేయిద్దామని మేస్త్రి అన్నాడని, అడ్వాన్సు కూడా ఇచ్చేశానని చెప్పావు. ఫోన్లోనే అడ్డం చెబితే నీకు బీపీ, నాకు ఏడుపు, మధ్యలో అమ్మ "పెట్టేయండి ఇద్దరూ" అంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. వాట్సాప్‌లో పంపినా నువ్వు జిరాక్స్ షాపుకెళ్ళి ప్రింటు తీయించుకునే చదువుతావని తెలుసు, ఫర్వాలేదు, తీరిగ్గానే చదువు. కానీ ముందు మేస్త్రిని ఆపు.

ఎందుకంటావా. కిందటి నెల మా క్లాసు వాళ్ళని ఇక్కడే ఒక పాత ఇంటికి తీసుకెళ్ళారు. ఎప్పుడో ఎవరో పుణ్యాత్ముడు ఇటుకల మధ్య సున్నం రాలిపోతోందని అదంతా గోకి గట్టి సిమెంటు దట్టించాడు. ఇప్పుడు చూస్తే సిమెంటు గీతలు బ్రహ్మాండంగా నిలబడి ఉన్నాయి, మధ్యలో ఇటుకలే లోపలికి తినేసినట్టు గుంటలు పడిపోయాయి, చేత్తో రాస్తే ఎర్రటి పొడి. మెత్తటి పాత ఇటుకలు చెమ్మ పీలుస్తాయి నాన్నా, ఆ చెమ్మ ఎటో ఒకవైపు బయటికి పోవాలి. సున్నమైతే పోనిస్తుంది, సిమెంటు పోనివ్వదు. అప్పుడు నీరు ఇటుకలోంచే ఆరుతుంది, దాంతోపాటు వచ్చిన ఉప్పు ఇటుక లోపలే గడ్డకట్టి పెచ్చులు పెచ్చులుగా ఊడగొడుతుంది. సున్నం రాలడం జబ్బు కాదు, ఇటుక బదులు అది అరగాలనే మన పెద్దవాళ్ళు వాడారు. ఇక్కడ నేషనల్ పార్క్ సర్వీస్ అనే ప్రభుత్వ శాఖ వాళ్ళు పాత కట్టడాల మీద చిన్న చిన్న పుస్తకాలు వేస్తారు, అందులో రెండోది మొత్తం ఇదే గోల. సందుల్లో పెట్టేది ఇటుక కన్నా మెత్తగా ఉండాలి అని.

మన గోడకి నిండా సిమెంటు పూస్తే చెమ్మ ఎక్కడికీ పోదు, ఇంకా పైకెక్కుతుంది. ఇప్పుడు మోకాలి ఎత్తున ఉన్న మచ్చ నడుము దాకా వస్తుంది, నువ్వు మళ్ళీ అదే మేస్త్రిని పిలుస్తావు. అసలు దొంగ ఆ సిమెంటు రోడ్డు. అది వేశాక సందు ఎత్తు పెరిగింది కదా, వాన నీళ్ళు మన గోడ మొదట్లోనే నిలబడుతున్నాయి, పైగా అమ్మ అంట్లు తోమిన నీళ్ళూ అటే. ముందు ఆ నీళ్ళు గోడకి దూరంగా పోయేలా కాలవ తీయించు. ఒక ఎండాకాలం గోడని ఆరనివ్వు. ఆ తర్వాత సున్నంతోనే గార పెట్టిద్దాం.

సున్నం పని చేసేవాళ్ళు ఇప్పుడెక్కడున్నారు అంటావు. ఒక తమాషా చెప్తాను. ఈ సముద్ర తీరంలో సున్నపురాయి దొరకదు, అందుకని పూర్వం ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసి, దాంట్లో ఇసుక, ఇంకా ఆల్చిప్ప ముక్కలు, నీళ్ళు కలిపి చెక్కల మధ్య పోసి గోడలు లేపేవారు. దాన్ని ట్యాబీ అంటారు. మొదటిసారి చూసినప్పుడు గోడలో చిప్పలు మెరుస్తుంటే నాకు మన గుల్ల సున్నం గుర్తొచ్చి, పక్కనున్న అమ్మాయికి గానుగ సున్నం, అందులో కలిపే బెల్లం నీళ్ళు, కరక్కాయ గురించి అరగంట చెప్పాను. పాపం భరించింది. ఆ ధైర్యంతో ల్యాబులో నేను పెట్టిన మొదటి గార మూడో రోజుకి బీటలు వారిపోయింది. తాతయ్య తడి గోనెపట్టాలు కప్పి రోజూ నీళ్ళు చల్లించేవాడని నువ్వు చెప్పిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. రెండోది బాగా వచ్చింది, కాబట్టి మనిషి దొరక్కపోతే నేనే ఉన్నాను.

ఇక నువ్వు ప్రతిసారీ అడిగేది, పాత ఇళ్ళ మీద మాస్టర్స్ ఏమిటమ్మా, ఉద్యోగం వస్తుందా అని. వస్తుంది, కాకపోతే బాబాయ్ కొడుక్కి వచ్చినంత జీతం రాదు. పాతది తీసేద్దామనే నీ ఆలోచనే ఒకప్పుడు ఈ ఊరిదీ. 1954లో పాత మార్కెట్టు పడగొట్టి కార్ల పార్కింగ్ కట్టారు. మరుసటి ఏడాది, 1820లో కట్టిన డావెన్‌పోర్ట్ ఇంటిని కూడా పార్కింగ్ కోసమే కూల్చబోతే ఏడుగురు ఆడవాళ్ళు పూనుకుని 22,500 డాలర్లు పోగేసి కొనేశారు. ఇప్పుడు అది మ్యూజియం. ఆ మార్కెట్టు చోట కట్టిన పార్కింగ్‌నీ తర్వాత పడగొట్టి, కార్లని నేల కిందికి పంపి, 2010లో పైన మళ్ళీ చౌక్ తెరిచారు. అంత డబ్బు రెండుసార్లు ఖర్చుపెట్టడానికి ఈ దేశానికి స్తోమత ఉంది, మనకి లేదు.

నా థీసిస్ మాత్రం ఆ పెద్ద ఇళ్ళ గురించి కాదు, వాటి వెనక సందుల్లో ఉన్న చిన్న ఇళ్ళ గురించి. బండ్లు పెట్టుకునే కొట్లు, పనివాళ్ళ గదులు. అప్పట్లో ఆ పనివాళ్ళు చాలామంది బానిసలే. రోజంతా శాన్‌బోర్న్ మ్యాపులు చూస్తుంటాను, అగ్ని ప్రమాదాల బీమా కోసం గీసినవి, ఇటుక ఇల్లయితే గులాబీ రంగు, చెక్క ఇల్లయితే పసుపు. ఇల్లు మారితే ఆ చోట కొత్త కాగితం ముక్క అంటించేవారు, నీ స్కూటర్ ట్యూబు పంక్చర్లలాగా. ఇళ్ళు దొరుకుతున్నాయి గానీ వాటిలో ఉన్న మనుషులే దొరకడం లేదు. 1850, 1860 జనాభా లెక్కల్లో బానిసల పేర్లు రాయలేదు, యజమాని పేరు కింద వయసు, ఆడో మగో, ఒంటి రంగు, అంతే. బానిసత్వం పోయాక, 1870 లెక్కల్లో గానీ వాళ్ళు పేర్లతో కనిపించరు.

ఇక్కడి పాత ఇటుకల్ని సవానా గ్రే అంటారు. నది ఒడ్డున హెర్మిటేజ్ అనే ప్లాంటేషన్‌లో బానిసలు చేసినవి చాలా ఉన్నాయి. మొన్న ఒక గోడ కొలుస్తుంటే ఒక ఇటుక మీద మూడు వేళ్ళ గుర్తులు కనిపించాయి. పచ్చిగా ఉన్నప్పుడు ఎత్తిన చెయ్యి. నా వేళ్ళు పెట్టి చూశాను, ఆ గుర్తులు నా వేళ్ళకంటే చిన్నవి. టేపు పట్టుకున్న అమ్మాయి ఏమైందని అడిగితే చెప్పలేకపోయాను.

మన ఇల్లు కట్టినవాళ్ళ పేర్లు కూడా నాకు తెలీవు నాన్నా. తాతయ్య కట్టించాడు అంటాం. తాపీ పట్టింది ఎవరు, గుల్ల కాల్చింది ఎవరు, ఏ పేట నుంచి వచ్చారు? నాన్నమ్మకి తెలిసి ఉంటుంది, వాళ్ళకి అన్నం పెట్టింది తనే కదా. మధ్యాహ్నం నిద్ర లేచి కాఫీ తాగాక మంచి మూడ్‌లో ఉంటుంది, అప్పుడు అడిగి ఫోన్లో రికార్డు చెయ్యి. నువ్వు మధ్యలో మాట్లాడకు, ఆవిడ ఆగిపోతుంది.

గోడ ఫొటోలు కూడా పంపు, పక్కన రూపాయి బిళ్ళ పెట్టి తీస్తే సైజు తెలుస్తుంది. అడ్వాన్సు ఇచ్చేశావు కాబట్టి మేస్త్రి చేత ఆ కాలవ పని చేయించు, డబ్బులు పోవు. నేను డిసెంబర్లో వస్తున్నాను, టికెట్ ఇంకా కొనలేదు, అమ్మకి చెప్పకు.

నీ
చిన్ని