బకెట్‌కి కూడా తాళం వేయాలా?

సంపాదకులకు,

మా యూనివర్సిటీ లేడీస్ హాస్టల్లో నెల రోజుల్లో నా చెప్పులు, చార్జర్, ఆరేసిన టవల్ పోయాయి. బకెట్ మీద పెయింట్‌తో రూమ్ నంబర్ రాసినా ఆగలేదు, నాలుగో రోజున నంబర్ గీకేసి పక్క వింగ్‌లో కనిపించింది. వార్డెన్ మేడమ్‌కి చెబితే "ఇంత చిన్నదానికి కంప్లైంట్ ఏంటమ్మా, ఎవరి మీదైనా కేసు పెడతావా" అన్నారు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 5,000 రూపాయల లోపు దొంగతనానికి, మొదటిసారి అయి సొత్తు తిరిగిచ్చేస్తే, సమాజ సేవే శిక్ష. సరే, కేసు వద్దు, పోయినవి రాసుకోడానికి ఒక రిజిస్టరైనా పెట్టొచ్చుగా! ఇదివరకు తలుపు తీసిపెట్టే స్నానానికి వెళ్లేవాళ్లం, ఇప్పుడు రూమ్మేట్ బ్యాగు సర్దుకుంటున్నా నా కళ్లు అటే పోతున్నాయి. పాపం, తనూ నన్ను అలాగే చూస్తోంది.

– ఒక పీజీ విద్యార్థిని, హైదరాబాద్