ఇంటి చదువు రెండో బడి కాకూడదు

సంపాదకులకు,

చిన్న తరగతుల పిల్లలకు ఇంటి చదువంటే చాలామంది తల్లిదండ్రులకు ఇప్పటికీ ఎక్కాలు అప్పజెప్పించుకోవడమే, పాఠాన్ని పదేసి సార్లు రాయించడమే. ఆ రాతవల్ల చేతి నొప్పి తప్ప పెద్దగా ఒరిగేది లేదని ఉపాధ్యాయురాలిగా నా అభిప్రాయం.

లెక్కల్లో అసలు చిక్కు స్థానవిలువ దగ్గర వస్తుంది. పదమూడు రాయమంటే 31 రాసే బిడ్డను కసురుకోకండి. పది పుల్లలను ఒక కట్టగా కట్టించి, దాని కుడి పక్కన మూడు విడి పుల్లలు పెట్టించండి. పదుల కట్ట ఎడమన, విడివి కుడిన అని తన చేతులకు తెలిశాక అంకెలు తారుమారు కావడం తగ్గుతుంది. 8, 5 కూడేటప్పుడు 5లోంచి 2 తీసి 8కి ఇచ్చి పది చేయడం, మిగిలిన 3 కలపడం కూడా ఆ పుల్లలతోనే చూపవచ్చు. వేళ్లు లెక్కపెడుతున్నాడని కొందరు చేతులు కట్టుకోమంటారు, ఇదేం శిక్షో! జవాబు సరిపోయినా సరే, ఎలా చేశావని అడగండి. గుడ్డిగా చెప్పాడో, ఆలోచించి చెప్పాడో అప్పుడే బయటపడుతుంది.

చదవడంలో మాత్రం తొందరంతా పెద్దలదే. వత్తు దగ్గర పిల్ల ఆగగానే మాట అందించేస్తాం. కాస్త ఓపిక పడితే ‘పుస్తకం’లో స కింది త వత్తును తనే కూడబలుక్కుంటుంది. చదివిన కథే మళ్లీ చదువుతానంటే వద్దనకండి; ధారాళంగా చదవడం అలాగే అలవడుతుంది. రోజూ పావుగంట చాలు. పిల్ల అలసిపోయిన పూట పుస్తకం మీరే తీసుకుని చదివి వినిపించండి.

– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు