చిన్నమ్మలూ, మల్లీశ్వరి మళ్లీ చూశాను

చిన్నమ్మలూ,

ఎలా ఉన్నావు తల్లీ. నీ గొంతు విని ఇరవై రోజులైంది. మెసేజిలకి నీలం టిక్కులు పడుతున్నాయి కాబట్టి బానే ఉన్నావనుకుంటున్నా, పని ఎక్కువుండి ఉంటుందిలే. అక్కడ చలి మొదలైందని రాజ్యం అత్త చెప్పింది. నీ సైనస్ సంగతి తెలిసిందే కదా, తడి తలతో బయటికి పోవద్దు.

అసలు నేను రాద్దామనుకుంది సినిమా గురించి. మొన్న రాత్రి నిద్ర పట్టక మల్లీశ్వరి పెట్టుకున్నా. 1951 నాటిది, బి.ఎన్.రెడ్డి గారు తీసింది. నువ్వు ఇంటర్లో ఉన్నప్పుడు పక్కన కూర్చోబెట్టుకుంటే అరగంటకే "ఏం జరగట్లేదు నాన్నా" అని లేచిపోయావు, కోప్పడ్డాను కూడా. కానీ మొదటిసారి చూసినప్పుడు నేనూ అంతే.

నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఊరి బయట టూరింగ్ టాకీస్ డేరా వేశారు, మల్లీశ్వరి అప్పటికే పాత సినిమా, అయినా మీ నానమ్మ పొద్దుగూకేలోపు పనులన్నీ చక్కబెట్టేసి నన్ను తీసుకుపోయింది. నేల టికెట్టు. ఒకటే ప్రొజెక్టర్ కదా, రీలు అయిపోయినప్పుడల్లా లైట్లేసేవాళ్లు, వేసినప్పుడల్లా ఇంటికి పోదామని కొంగు పట్టుకుని లాగేవాణ్ణి. రాయలవారి కాలం అన్నారని యుద్ధాలుంటాయని వచ్చాను, కత్తి దూసినవాడే లేడు. ఇంతలో వాన సీను వచ్చింది. బావామరదళ్లు నాగరాజు, మల్లి సరాయిలో ఆగుతారు, మల్లిగా వేసిన భానుమతి గారు ఆడి పాడతారు, మారువేషాల్లో ఉన్న రాయలవారూ పెద్దన గారూ మెచ్చుకుంటారు, ఆ సంబరంలో నాగరాజు మా మల్లికి పల్లకి పంపమని రాయలవారికి చెప్పండి అని వేళాకోళంగా అంటాడు. డేరా అంతా నవ్వింది, నేనూ నవ్వాను. నానమ్మ మాత్రం "అయ్యో, అనేశాడే" అంది. తర్వాత ఇసకలోనే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి ఆమె భుజమ్మీద ఉన్నాను, చీకట్లో నడుస్తోంది, ముక్కు ఎగబీలుస్తోంది. ఎందుకమ్మా ఏడుస్తున్నావంటే "పల్లకి వచ్చిందిరా" అంది, అంతే.

మొన్న చూస్తుంటే తెలిసింది ఆ సినిమా ఎందుకంత మెల్లగా నడుస్తుందో. మాట అనడం ఒక్క క్షణం పని, ఆ తర్వాత చాలాసేపు ఏమీ కాదు, ఆ మాట నాగరాజూ మర్చిపోతాడు, మనమూ మర్చిపోతాం. అప్పుడొస్తుంది పల్లకి, మల్లిని రాణివాసానికి తీసుకుపోవడానికి. గబగబా నడిపిస్తే మనకి ఆ మాట గుర్తుండిపోయేది, ఇంత దెబ్బ తగిలేది కాదు. మీరేమో ఒకటిన్నర స్పీడులో పెట్టి చూస్తారు, అన్నమూ అలాగే తింటారు, ఫోన్ మాట్లాడటమూ అలాగే, ఏదీ కాసేపు నిలబడి చూడరు... సరే, క్లాసు పీకనులే.

ఆకాశ వీధిలో పాట మాత్రం తలుపేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. పాట రాసిన కృష్ణశాస్త్రి గారికి అదే మొదటి సినిమా. సాలూరి వారి సంగీతం, ఘంటసాల గారూ భానుమతి గారూ పాడారు. నాగరాజొకచోట, మల్లి ఒకచోట, ఇద్దరూ మబ్బుతోనే చెప్పుకుంటారు.

తల్లీ, ఆ రోజు సంవత్సరీకానికి సెలవు దొరకలేదని నువ్వంటే, "నువ్వు రాకపోతే ఇక్కడేం ఆగిపోవులే" అన్నాను చూడు, నవ్వుతూనే అన్నా. నీకు నవ్వు వినపడలేదేమో. మీ అమ్మ అప్పుడే గుడ్లురిమింది. సంవత్సరీకం రోజు నీ పీట ఎవరూ తీయలేదు, భోజనాలప్పుడు బుజ్జిగాడు వచ్చి కూర్చోబోతే నేనే వద్దన్నాను.

పచ్చడి, మందులు పెద్దన్నయ్యతో పంపుతున్నా, రాత్రిళ్లు బ్రెడ్డు తిని పడుకోకు. ఆదివారం వీలైతే సినిమా పెట్టుకో. సరాయి సీను అయ్యాక ఆపి ఫోన్ చెయ్యి. ఎంత రాత్రైనా పర్లేదు, నేను మేలుకునే ఉంటాను.

నాన్న