లాంతరు చేపను మేత లెక్కలో వేయకండి

సంపాదకులకు,

రొయ్యల మేత ధరల మీద ఈ మధ్య మీ వాణిజ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. సముద్రం నడిలోతుల్లో వెయ్యి కోట్ల టన్నుల చేప ఉందని, దాన్ని పట్టి ఫిష్‌మీల్ (మేతలో కలిపే ఎండు చేపల పొడి) చేస్తే నెల్లూరు, భీమవరం చెరువుల కష్టాలు గట్టెక్కుతాయని అందులో రాశారు. మా బంధువుల్లోనూ రొయ్యల చెరువులు ఉన్నవాళ్లున్నారు. మేత బస్తా ధర పెరిగితే ఆ ఇళ్లలో ఎంత టెన్షనో నాకు తెలుసు. నా పేచీ ఆ లెక్కతోనే.

వ్యాసంలో పేరు చెప్పలేదు కానీ, ఆ చేపల్లో ఎక్కువ భాగం లాంతరు చేపలు. దాదాపు 250 జాతులున్నాయి. అరేబియా సముద్రంలో గుంపులు గుంపులుగా ఉండే బెంథోసీమా టెరోటమ్ అనే జాతి నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది, అంతే. కాలేజీ ల్యాబులో ఫార్మలిన్ సీసాలోంచి తీసి పిల్లలకు చూపించేదాన్ని. తలలో సగం కళ్లే. పొట్ట కింద, పక్కల్లో వరసగా ముత్యపు మెరుపుతో చిన్న చిన్న చుక్కలు. ఒక్కో జాతికి ఆ చుక్కల అమరిక ఒక్కో రకం, గుర్తుపట్టేది దాన్ని బట్టే. కానీ పట్టుకుంటే పొలుసులు వేలికి అంటుకుని వచ్చేస్తాయి. వలలో నలిగి పైకి వచ్చేసరికే చర్మం చాలావరకు ఊడిపోయి ఉంటుంది, ఇక చుక్కలు లెక్కపెట్టడం పెద్ద తలనొప్పి.

ఆ చుక్కలే దాని దీపాలు. వెలుగు బ్యాక్టీరియా దగ్గర అరువు తెచ్చుకున్నది కాదు, సొంత ఒంట్లో జరిగే రసాయన చర్యది. పై నుంచి దిగే మసక వెలుతురుకు సరిపోయేంతగా పొట్టను వెలిగించుకుంటే, కింది నుంచి చూసే వేటజీవికి దీని నీడ కనబడదు. చాలా జాతుల్లో తోక మొదట్లో ఇంకో దీపం ఉంటుంది: మగదానికి పైవైపు, ఆడదానికి కిందివైపు. చీకట్లో జోడీ వెతుక్కోవడానికి కూడా ఇది పనికొస్తుందని భావిస్తారు.

పగలు కొన్ని వందల మీటర్ల లోతులో ఉంటాయి. అరేబియా సముద్రంలో ఆ పొరలో ప్రాణవాయువు చాలా తక్కువ, తరిమే పెద్ద చేపలు అక్కడ ఎక్కువసేపు నిలవలేవు. పొద్దు గుంకగానే పైకి వచ్చి రాత్రంతా కోపీపాడ్ల వంటి సన్నజీవుల్ని తిని, తెల్లారకముందే దిగిపోతాయి. పైన తిన్నదాన్ని కిందికి మోసుకెళ్లి మలంగా వదలడంతో కొంత కార్బన్ లోతుకు చేరుతుంది. ఈ పని చేసిపెడుతున్నందుకు వీటికి ఏ బడ్జెట్‌లోనూ పద్దు లేదు. ట్యూనా, స్క్విడ్, డాల్ఫిన్ల కడుపు నింపేదీ ఇవే.

ఇక ఆ వెయ్యి కోట్ల టన్నుల సంగతి. 1980లో వలలకు పడిన చేపల్ని బట్టి కట్టిన అంచనా వంద కోట్ల టన్నులు. వల కనిపిస్తే ఇవి తప్పుకుంటాయి కాబట్టి అది తక్కువ లెక్కేనన్నారు. 2014లో సోనార్‌తో, అంటే నీటిలోకి శబ్దం పంపి తిరిగొచ్చే ప్రతిధ్వనిని వినే పరికరంతో, కట్టిన లెక్క దానికి పది రెట్లు వచ్చింది. చాలా చేపల్లో గాలితిత్తి ఉండి శబ్దాన్ని తిప్పికొడుతుంది నిజమే. రెండో ప్రపంచ యుద్ధంలో సోనార్ వాళ్లు ఈ పొరనే సముద్రం అడుగు అనుకున్నారు. కానీ గాలిబుడగలున్న సైఫనోఫోర్లనే జెల్లీ జాతి జీవులూ అలాగే తిప్పికొడతాయి. ఆ ప్రతిధ్వనిలో చేప ఎంత, జెల్లీ ఎంత? ఇది తేలకుండా టన్నులు చూపించి ఓడలకు లైసెన్సు అడగడం, ఆకాశంలో మబ్బు చూసి నారుమడికి అప్పు చేయడమే.

ఏడాదిలోపే పెరిగి గుడ్లు పెట్టే చేప కాబట్టి పట్టినా మళ్లీ పుడుతుందనే వాదన ఉంది. టెరోటమ్ మట్టుకు నిజమే, కానీ ఒక్క ఏడాది దెబ్బతింటే వెనక ఆదుకునే ముదురు చేపల తరం ఉండదు. చలి సముద్రాల్లోని దాని దగ్గరి బంధువు ఏళ్ల తరబడి బతుకుతుంది. అన్నిటికీ ఒకే నియమం ఎలా పెడతారు? దక్షిణాఫ్రికాలో ఒక జాతిని పట్టి చూశారు. నూనె ఎక్కువై ఫ్యాక్టరీల్లో ప్రాసెసింగ్ కుదరక 1980ల మధ్యలో మానేశారు. అమెరికా పడమటి తీరంలో 2016 నుంచి, ముందు శాస్త్రీయ పరిశీలన జరగనిదే లాంతరు చేపల వేట కొత్తగా మొదలుపెట్టకూడదని నియమం ఉంది.

మనకూ అలాంటి నియమం కావాలి. కేరళ లోతు రొయ్యల బోట్ల వలల్లో ఇవి ఎలాగూ పడుతున్నాయి. ఇక్కడ చెన్నై కాశిమేడు రేవులోనూ ట్రాష్ కుప్పను, అంటే తినడానికి అమ్ముడుపోని చిన్నాచితకా చేపల్ని, పారతో లారీకెత్తి ఫిష్‌మీల్‌కు పంపేస్తారు, అందులో ఏ జాతి ఎంతో రాసుకునేవాళ్లు నాకెప్పుడూ కనబడలేదు. లోతు సముద్రాల పరిశోధన కోసం 2021లో కేంద్రం డీప్ ఓషన్ మిషన్‌కు 4,077 కోట్లు మంజూరు చేసింది. పళ్లికరణైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ ఎన్‌ఐఓటీ మనుషుల్ని 6,000 మీటర్ల లోతుకు దించే మత్స్య అనే వాహనాన్ని తయారు చేస్తోంది, సంతోషం. అంత ఖర్చులో రేవుల దగ్గర ట్రాష్ కుప్పల్ని జాతుల వారీగా నమోదు చేసే మనుషుల్ని పెట్టడం పెద్ద భారం కాదు. ఆ వివరాలు అందరికీ దొరికేలా ఉంచాలి. అప్పటిదాకా ఈ చేప కోసమే వేసే వలలకు అనుమతి ఇవ్వకూడదు. మీరు కూడా ఇకమీద ఆ టన్నుల అంకె వేసేటప్పుడు, అది సోనార్‌తో కట్టిన అంచనా అని పక్కనే ఒక వాక్యం రాయండి.

— విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకురాలు,
తండయార్‌పేట, చెన్నై