ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి ఎన్ని గంటలు?

బరంపురం

ఒరేయ్ అప్పారావూ,

పర్లాకిమిడి నుంచి నీ ఉత్తరం అందింది. పాప ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో ప్రయాణానికి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని గంటలు అని అడిగావు. కిలోమీటర్లకేం గానీ, తిరకాసంతా గంటల దగ్గరే.

దూరం కోసం గోడ మీది మ్యాపుకి స్కేలు పెట్టకు. గ్లోబు మీద ఆ రెండు ఊళ్ల మధ్యా దారం బిగించి పట్టు. అది చైనా, సైబీరియా దాటి ఆర్కిటిక్ మీదుగా పోతుంది. భూమి కేంద్రం దగ్గర ఆ రెండు ఊళ్ల మధ్య కోణం సుమారు 111.3 డిగ్రీలు. డిగ్రీకి 60 నాటికల్ మైళ్లు (ఓడలకీ విమానాలకీ వాడే మైళ్లు), ఆ మైలుకి 1.852 కి.మీ. లెక్కన దాదాపు 12,370 కి.మీ.

దాన్ని విమానం వేగం, అంటే గంటకి 850 కి.మీ.తో భాగించి, రన్‌వే మీద పాకడానికి, ఎక్కడానికి, దిగడానికి ఓ 35 నిమిషాలు కలుపు. పదిహేను గంటలు దాటుతుంది. విశాఖ–ఢిల్లీ 1,360 కి.మీ.కి ఇదే లెక్క వేస్తే రెండుంబావు గంటలు. టికెట్టు మీదా ఇంచుమించు అంతే ఉంటుంది.

కానీ విమానం ఆ దారం వెంటే పోతుందనుకోకు. పది పన్నెండు కి.మీ. ఎత్తున పడమటి నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ గాలి వీస్తుంది, చలికాలంలో గంటకి 200 కి.మీ. కూడా దాటుతుంది. ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకి అట్లాంటిక్ మీదుగా వెళ్లే ఎయిరిండియా విమానాన్ని 2016 అక్టోబరులో పసిఫిక్ వైపు తిప్పారు. దారి 1,400 కి.మీ. పెరిగి 15,300 అయింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారికన్నా రెండు గంటలు ముందే! వెనక నుంచి గాలి తోస్తే చుట్టుదారే దగ్గర. దీనికితోడు దేశాల తగాదాలు. 2022లో రష్యా అమెరికా విమానాలకి, 2025 ఏప్రిల్లో పాకిస్తాన్ మన విమానాలకి గగనతలం మూసేశాయి. అందుకని పాత టైముటేబుళ్లు నమ్మకు. నెట్‌లో ఆ విమానం నంబరు కొట్టి, గత వారం రోజులూ నిజంగా ఎన్నింటికి దిగిందో చూడు.

టికెట్టు మీద తెల్లవారుజామున 4కి బయల్దేరి అదే రోజు ఉదయం 6కి దిగినట్టుంటే రెండు గంటలే అని మురిసిపోకు. అవి ఏ ఊరి టైం ఆ ఊరిది. నవంబరు మొదటి ఆదివారం నుంచి మార్చి రెండో ఆదివారం దాకా వాళ్లు మనకన్నా 13.30 గంటలు వెనక, మిగతా రోజుల్లో 12.30. చలికాలమైతే 4కి ప్రయాణం పట్టే 15.30 గంటలు కలిపితే మన రాత్రి 7.30, అందులోంచి 13.30 తీసేస్తే అక్కడి ఉదయం 6. తిరుగు ప్రయాణంలో మాత్రం తేదీ ఒకటి ఎగిరిపోతుంది. స్టేషనుకి, అదే, ఎయిర్‌పోర్టుకి కారు మాట్లాడేటప్పుడు అది మర్చిపోకు.

మీకు భువనేశ్వర్ కన్నా విశాఖే దగ్గర. విశాఖ–ఢిల్లీ, ఢిల్లీ–అమెరికా రెండూ ఒకే పీఎన్నార్ మీద తీయించు. విడిగా తీస్తే ఢిల్లీలో పెట్టెలు దించుకుని మళ్లీ చెకిన్ చేయాలి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే కొత్త టికెట్టు ఖర్చు నీదే. దేశీయ విమానం టెర్మినల్ 1లో దిగితే, టెర్మినల్ 3కి వెళ్లడానికి బయట రోడ్డు పట్టాలి. విడి టికెట్లు తప్పవంటే మధ్యలో ఐదారు గంటలు ఉంచు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. టికెట్టు తీసే ముందు విమానం నంబర్లు రాసి పంపు, చూస్తాను.

నీ
సత్యం