దమ్ముకు ముందే ట్రాక్టర్ డీజిల్ లీకులు కట్టించండి

సంపాదకులకు నమస్కారం.

పెన్నా డెల్టా కాలువలకు నీళ్లు వదిలారంటే దమ్ము పనులు (నాట్లకు ముందు పొలాన్ని బురదగా దున్నడం) ఊరూరా ఒక్కసారిగా మొదలవుతాయి. ఆ రోజుల్లో మెకానిక్కు దొరకడు. దొరికినా ఒక పూట బండి ఆపుకునే వీలు యజమానికి ఉండదు. అందుకని ఇరవై, ముప్పై ఏళ్ల నాటి ట్రాక్టర్లకు కారుతున్న డీజిల్‌ని సబ్బు రుద్దో, దారం చుట్టో, ఎం-సీల్ పూసో ఆపి వరి కయ్యలోకి దించుతున్నారు. తాత్కాలికంగా వేసిన ఆ కట్టుతోనే సీజనంతా నడిపేస్తున్నారు. నిజానికి ఈ లీకుల్లో ఎక్కువ భాగం వాషర్లు, రబ్బరు రింగులు మారిస్తే పోయేవే. కాలువ రాకముందే ఆ పని ఎలా చేసుకోవాలో మీ పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

సెకనుకు ఒక చుక్క కారితే రోజుకు 86,400 చుక్కలు. అటూ ఇటూగా రెండు లీటర్లు నేలపాలైనట్టే. అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనబడదు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు (ట్యాంకులోని డీజిల్‌ని లాగి ముందుకు పంపే చిన్న పంపు) వరకు ఉన్న లైనులో ఎక్కడ సందున్నా, బండి ఆగినప్పుడు అక్కడ డీజిల్ బయటికి కారుతుంది. బండి నడిచేటప్పుడు అదే సందులోంచి ఫీడ్ పంపు గాలి పీలుస్తుంది. ట్యాంకు కింది కుళాయి (కాక్)లో ఉన్న జాలీ తుప్పుతో సగం మూసుకుపోయి ఉంటే ఇది మరీ ఎక్కువ. పొద్దున స్టార్టయిన బండి రెండు నిమిషాలకే ఆగిపోవడం, రేసు పెరుగుతూ తగ్గుతూ ఉండటం, బరువు పడగానే గుంజకపోవడం దీనివల్లే. చాలామంది ఇంజెక్షన్ పంపు (ఇంజనులోకి డీజిల్ చిమ్మే నాజిళ్లకు ప్రెషరుతో డీజిల్ పంపేది) పోయిందనుకుని వేలకు వేలు పోసి దాన్ని విప్పిస్తారు. ముందు ఫీడ్ పంపుకి వచ్చే చోట అడుగు పొడవు తెల్లటి పారదర్శక గొట్టం తాత్కాలికంగా బిగించి చూడండి. బుడగలు వస్తుంటే తప్పు పంపుది కాదు, దానికి వెనకున్న లైనుది. చూడటం అయ్యాక ఆ గొట్టం తీసెయ్యాలి. డీజిల్ తగిలితే అది గట్టిపడి పగులుతుంది.

చుక్క పడే చోటే లీకు ఉందని నమ్మకండి. డీజిల్ పైపు వెంట పాకి ఎక్కడో పల్లంలో రాలుతుంది. ఇంజను పక్కంతా బురద పోయేలా కడిగి, గుడ్డతో తుడిచి, బాగా ఆరాక ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. అరగంటలో ఎక్కడ తడి గీత మొదలైతే అక్కడే లీకు. ముగ్గుపిండి మాత్రం చల్లకండి. అందులోని గరుకు పొడి పైపు జాయింట్లలోకి పోతే పంపు, నాజిల్ అరిగిపోతాయి.

ఎక్కువగా కారేది బాంజో బోల్టుల (పైపు చివరి రింగులోంచి దూర్చి బిగించే బోలు బోల్టులు) దగ్గర. ఒక్కో బోల్టుకి రెండు వాషర్లుంటాయి, పైన ఒకటి, కింద ఒకటి. కనబడే ఒక్కటే మార్చి బిగించేస్తుంటారు. రెండూ మార్చాలి. ఒకసారి నలిగిన రాగి వాషరు గట్టిపడుతుంది, మళ్లీ బిగిస్తే సందు పూడదు. కొత్తది దొరకని చోట పాతదాన్ని ఎర్రబడేదాకా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. మసి గీకి, చదునుగా ఉంటేనే వాడాలి. అల్యూమినియం వాషరుకి ఈ పని పనికిరాదు. టెఫ్లాన్ టేపు కుళాయి పైపులకే, డీజిల్ లైనుకి చుట్టొద్దు. దాని పీలికలు ఫిల్టరు దాటాక ఎక్కడైనా చుట్టి ఉంటే నేరుగా పంపులోకీ నాజిల్‌లోకీ పోతాయి.

ఫిల్టరు గిన్నె దగ్గర ఇంకో పొరపాటు. ఫిల్టరు మార్చేటప్పుడు పాత రబ్బరు రింగు పైనున్న గాడిలోనే అంటుకుపోయి ఉంటుంది. చూసుకోకుండా దాని మీదే కొత్తది పెడతారు. రెండు రింగులైతే ఎంత బిగించినా కారుతుంది. బలం పెట్టి తిప్పితే గిన్నె నొక్కుకుపోవడమో, మర చెడటమో జరుగుతుంది. పిన్నుతో గాడి అంతా గీకి చూడండి. గాజు గిన్నెను చేత్తోనే బిగించాలి, స్పానరు పెట్టకూడదు. రబ్బరు గొట్టాలకు ఇనప తీగ కట్టకండి, అది గొట్టాన్ని కోస్తుంది. డీజిల్‌కి తట్టుకునే గొట్టం కొని క్లిప్పు వేయండి.

ఫీడ్ పంపు డయాఫ్రం (లోపలి రబ్బరు పొర) చిరిగితే కొన్నింటిలో కింద చిన్న రంధ్రంలోంచి బయటికి కారుతుంది, కొన్నింటిలో డీజిల్ ఇంజను ఆయిల్లో కలుస్తుంది. గేజి కడ్డీ మీద ఆయిల్ మట్టం తగ్గాల్సింది పెరిగి, పల్చబడి, డీజిల్ వాసన వస్తుంటే బండి ఒక్క గంట కూడా నడపొద్దు, బేరింగులు పోతాయి. డయాఫ్రం మార్చి, ఆయిల్, ఆయిల్ ఫిల్టరు రెండూ మార్చాకే స్టార్ట్ చేయాలి. ఇంజెక్షన్ పంపు షాఫ్టు సీలు పోయినా ఇదే లక్షణం. ఆ పంపును మాత్రం షెడ్డులో విప్పకండి, టెస్ట్ బెంచీ (పంపును పరీక్షించే యంత్రం) ఉన్న చోటికే పంపాలి.

ఇక ఇంజెక్షన్ పంపు నుంచి నాజిళ్లకు పోయే హై ప్రెషర్ పైపులు. ఈ భాగం దయచేసి కుదించకుండా వేయండి. పాత ఇంజన్లలో కూడా నాజిల్ తెరుచుకునే ప్రెషరు చదరపు సెంటీమీటరుకి 150 కిలోల పైమాటే. పైపుకి వెంట్రుకంత చీలిక ఉంటే డీజిల్ కనబడని చిమ్ములా వస్తుంది, చర్మంలోంచి కండలోకి దూరిపోతుంది. బయట సూది గుచ్చినంత గుర్తే ఉంటుంది, నొప్పి కూడా మొదట తెలియదు. లోపల కండ చచ్చిపోతుంది, వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు. వేలితో తడిమి లీకు వెతికే అలవాటు మానాలి. అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఎవరికైనా తగిలితే పసుపు పెట్టి ఊరుకోక అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లి, ప్రెషరుతో డీజిల్ లోపలికి పోయిందని డాక్టరుకి చెప్పాలి. పగిలిన పైపుకి వెల్డింగు, అతుకు వద్దు, కొత్తదే వేయాలి. పైపుల్ని కలిపి పట్టే క్లాంపులు ఊడిపోతే అదురుకి మళ్లీ అక్కడే పగులుతుంది, కాబట్టి క్లాంపులు తప్పక వేయించండి.

ట్యాంకు అడుగున తుప్పు రంధ్రం పడితే డీజిల్ తీసేశాం కదా అని వెల్డింగు షాపుకి తోసుకెళ్తున్నారు. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది. వేడి నీళ్లు, బట్టల సోడా పోసి చాలాసార్లు కడిగి, అతికే చోటు మాత్రం పైకి ఉండేలా తిప్పి మిగతాదంతా నీళ్లు నింపాకే పని మొదలెట్టాలి. సన్న రంధ్రమైతే రేడియేటరు పనివాళ్ల చేత సీసం అతికించుకోవడం మేలు. పని అయ్యాక లోపల చుక్క నీరు లేకుండా ఆరబెట్టాలి. మూత మీదున్న గాలి రంధ్రం బురదతో మూసుకుపోయిందేమో కూడా చూడండి.

లీకు కట్టాక డీజిల్ లైనులో చేరిన గాలి తీయాలి. ట్యాంకు నింపి, కాక్ తెరిచి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు పోయి డీజిల్ ధారగా వచ్చేదాకా ఫీడ్ పంపు చేతి లీవరు కొట్టండి. బిగించి రెండో ఫిల్టరు, ఆ తరువాత ఇంజెక్షన్ పంపు స్క్రూ దగ్గర కూడా ఇలాగే చేయాలి. అప్పటికీ స్టార్ట్ కాకపోతే నాజిల్ దగ్గర నట్లు ఒక చుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టాలి. ఆ సమయంలో ముఖం, చేతులు నట్లకు దూరంగా ఉంచాలి. పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టొద్దు, ఒక నిమిషం ఆగి మళ్లీ కొట్టండి.

కోతలయ్యాక ఇవే బండ్లు వరిగడ్డి తోలుతాయి. డీజిల్ పడి తడిసిన గడ్డి పోచ వేడి సైలెన్సరు మీద పడితే బండి, లోడు, పక్కనున్న వామి కూడా తగలబడతాయి.

నెల్లూరు, దర్శి కృషి విజ్ఞాన కేంద్రాలు విత్తనాలు, ఎరువుల మీద శిక్షణలు ఇస్తున్నట్టే, కాలువలు వదలడానికి ముందు ఒక రోజు పాత ట్రాక్టర్ల డీజిల్ లైను మీద చేతిపని శిక్షణ పెట్టాలని కోరుతున్నాం. మండలానికి పదిమంది డ్రైవర్లను పిలిచి వాళ్ల చేతే విప్పించి బిగింపించాలి. మెకానిక్కులుగా మేము వచ్చి నేర్పడానికి సిద్ధం.

ఇట్లు
కొందరు ట్రాక్టర్ మెకానిక్కులు,
కోవూరు, నెల్లూరు జిల్లా.