చెరువు రాయి దొరికిన ఏడాది: మన గ్రామ సంఘం వార్షిక నివేదిక, 2024–25

సంఘం సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా మనం చేసినవీ చేయలేకపోయినవీ ఇందులో రాశాను. ఊళ్ళో ఉన్నవాళ్ళకి కాగితం మీద, హైదరాబాద్‌లోనూ బెంగళూరులోనూ అమెరికాలోనూ ఉన్న మనవాళ్ళకి వాట్సాప్‌లో పంపుతున్నాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఒక కాపీ పంచాయతీ ఆఫీసు గోడకి అతికించాం. చందా రసీదు అందనివాళ్ళు ఆయన్ని అడగొద్దు, నన్నే అడగండి. రసీదు పుస్తకం ఒకటి మా ఇంట్లోనే ఉండిపోయింది.

ముందు చెరువు సంగతి. ఏడాదిలో సగం దాని చుట్టూ తిరగడానికే సరిపోయింది.

దుగ్గిరాల, తెనాలి మధ్య కాలువ గట్టున ఉన్న ఊరు మనది. వేసవిలో కాలువలు కట్టేశాక మళ్ళీ నీళ్ళు వదిలేదాకా మనుషులకీ పశువులకీ చెరువే దిక్కు. అలాంటి చెరువుకి పడమటి గట్టు వైపు రెండేళ్ళుగా ఏం జరుగుతోందో అందరం చూస్తూనే ఉన్నాం. మొదట గడ్డివామి వేశారు. దాని పక్కన పెంటకుప్ప వెలిసింది. తర్వాత నాలుగు ట్రాక్టర్ల రబ్బీసు తోలారు. చివరికి ఇటుకలు దిగాయి. ఎవరు చేశారో ఊరందరికీ తెలుసు, ఇక్కడ పేరు రాయడం లేదు. రాజధాని ప్రకటన వచ్చిన దగ్గర్నుంచి ఎకరాల్లో మాట్లాడుకునే ఊరు గజాల్లో మాట్లాడుకుంటోంది. గట్టు మీద నాలుగు గజాలు కనిపిస్తే ఆశ పుట్టడం వింతేమీ కాదు. మిగతా అందరం చూసీ చూడనట్టు పోవడమే నన్ను బాధపెట్టింది. ఆ అందరిలో నేనూ ఉన్నాను.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు. మన ఊళ్ళోనూ జరిగింది. అంతకు ముందు గ్రామసభ అంటే మనకి తెలిసింది ఇంటికొచ్చే రిజిస్టరే. అరుగు మీద కూర్చుని, పైన ఏం రాశారో చదవకుండా నేనూ ఎన్నోసార్లు సంతకం పెట్టాను. ఈసారి మాత్రం సంఘం తరఫున ముందురోజు రాత్రి ఇంటింటికీ తిరిగి చెప్పాం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ఊరి ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ గ్రామసభ సభ్యులే. ఎవరూ పిలవక్కర్లేదు, వెళ్ళి కూర్చోవడమే. ఈ మాట చెబితే "నిజంగానా?" అన్నవాళ్ళే ఎక్కువ.

ఆ రోజు ప్రధానంగా ఉపాధి హామీ పనుల గురించే చర్చ. చెరువు పూడికతీత జాబితాలో ఉందని చదివారు. అందరం తలూపుతున్నాం. వెనక వరసలోంచి డ్వాక్రా అక్క ఒకరు లేచారు.

"పూడిక తీయిస్తామంటున్నారు సరే, ముందు చెరువు ఎంతవరకో చెప్పండి. ఇటుకలున్న చోటు చెరువేనా, కాదా?"

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. ఆ ప్రశ్నే మన తీర్మానం అయింది: రికార్డు ప్రకారం చెరువు పోరంబోకుని సర్వేయరుతో కొలిపించి హద్దులు వేయాలి. "చూద్దాంలేండి, నోట్ చేసుకున్నాం" అని మాటల్లో తేల్చేయబోయారు. మేం కదల్లేదు. మినిట్స్ పుస్తకంలో రాయించి, రాసింది పైకి చదివించుకుని, అప్పుడు సంతకాలు పెట్టాం. ఈ ఏడాది సంఘం చేసిన అసలు పని ఇదేనని నా అభిప్రాయం. రచ్చబండ దగ్గర ఎంత గట్టిగా అరిచినా ఆ మాట అక్కడితోనే పోతుంది. పుస్తకంలోకి ఎక్కితే మాత్రం ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి వస్తుంది.

మన కుర్రాడొకడు సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ప్రింటు తీసి తెచ్చాడు. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చినది. అదీ ఊరి చెరువు గొడవే, పంజాబ్‌లోది. ఊరుమ్మడి భూముల్లో ఆక్రమణలు తీయించి పంచాయతీలకి తిరిగి అప్పగించేలా అన్ని రాష్ట్రాలూ పథకం తయారు చేయాలని కోర్టు చెప్పింది. కాగితం ఇంగ్లీషులో ఉంది, సభలో ఎవరూ పూర్తిగా చదవలేదు. చేతిలో ఉందన్న ధైర్యమే పనిచేసింది.

తీర్మానం ఆగస్టులో అయితే సర్వే జరిగింది డిసెంబరులో. మధ్యలో ఒక ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగామో రాస్తే నివేదిక పెరిగిపోతుంది. వరి కోతలయ్యాక సర్వేయరు గారు గ్రామ నక్షా, కొలతల పుస్తకం పట్టుకుని వచ్చారు. నక్షాలో గుర్తించిన పాత రాయి ఒకటి దొరికితే మిగతా హద్దులు తేలిగ్గా తేలతాయన్నారు. గట్టు పొడవునా వెతికాం. రాయి లేదు. మధ్యాహ్నం దాటింది, ఆయన టేపు చుట్టేస్తున్నారు. అప్పుడు కర్ర పొడుచుకుంటూ మన పెద్దాయన వచ్చారు.

"ఎక్కడ వెతుకుతున్నార్రా అబ్బాయిలూ? కుంటచేను గట్టు మలుపు తిరిగే చోట ఉండాలి. చిన్నప్పుడు కోతలకి పోతూ దాని మీదే కొడవళ్ళు నూరేవాళ్ళం."

మలుపు తిరిగే చోట ఇప్పుడున్నది పెంటకుప్ప. ఇద్దరు కుర్రాళ్ళు పంచెలు బిగించి తవ్వారు. మోకాలి లోతు దిగాక పలుగు ఖంగుమంది. చేత్తో పెంట తోసి, బిందెడు నీళ్ళు కుమ్మరిస్తే నల్లరాయి తల బయటపడింది. పైన సర్వే గుర్తు, ఒక పక్క భుజం మీద వేలు పట్టేంత నున్నటి గాడి. కొడవళ్ళు నూరిన గాడే. పెద్దాయన వంగి అందులో బొటనవేలు పెట్టి చూసుకున్నారు. ఏమీ అనలేదు.

అక్కడి నుంచి కొలిస్తే ఇటుకలున్న చోటు పూర్తిగా చెరువులోనే తేలింది. గొడవ అవుతుందని నాకు రెండు రోజులు నిద్రలేదు, ఒకటే టెన్షన్. చివరికి అంత కాలేదు. ఇటుకలు దింపినాయనే ట్రాక్టరు పెట్టి వాటిని తీయించుకున్నారు. వామి మాత్రం సంక్రాంతి దాకా ఉండనివ్వమన్నారు, ఉండనిచ్చాం. పశువుల మేత కదా. అప్పట్నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. ఎదురైతే నేనే పలకరిస్తున్నాను.

ఈ రాయి వల్ల ఇంకో పని తగిలింది. "కుంటచేను" అనే మాట పెద్దాయనకి తెలియకపోతే ఆ రోజు సర్వే ఆగిపోయేదే. రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్సిల్) నంబర్లు వచ్చాయి. నంబర్లు మారడం తప్పేం కాదు. చేల పేర్లు ఏ కాగితంలోనూ లేవు, అదీ చిక్కు. దిబ్బచేను, తాళ్ళతోపు, బోదె కింద చేను, ఏ వృత్తివాళ్ళకి ఏ మాన్యం ఉండేది, ఏ తూము నుంచి ఎవరి చేనుకి ముందు నీళ్ళు పారేవి, అన్నీ పెద్దవాళ్ళ నోటి మీదే ఉన్నాయి. పదో తరగతి పిల్లలు నలుగురు సంక్రాంతి సెలవుల్లో నోటు పుస్తకాలు పట్టుకుని ఇళ్ళకి తిరిగారు. రెండు పుస్తకాలు నిండాయి. ఒకే చేనుకి రెండు వీధులవాళ్ళు రెండు పేర్లు చెప్పారు. రెండూ రాశారు, ఏది ఒప్పో తేల్చే పని పెట్టుకోలేదు.

సెప్టెంబరు వరదల గురించి మీకు చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. మనకి మురుగు కాలువ ఎగదన్ని నాట్లు మునిగాయి. అయినా కొల్లిపర, కొల్లూరు వైపు లంకల్లోవాళ్ళ కష్టం ముందు, బుడమేరు ముంచేసిన విజయవాడ సింగ్‌నగర్ ముందు మనదేం కష్టం? గుడి మండపంలో పొయ్యి పెట్టాం. మొదటి రోజు అన్నం, పప్పు పొట్లాలు కట్టి పంపాం. ట్రాఫిక్‌లో ఇరుక్కుని చేరేసరికి చాలా పొట్లాలు పాసిపోయాయి. పప్పు పెట్టమన్నది నేనే. రెండో రోజు నుంచి పులిహోర చేశాం, నిలవుంటుంది కాబట్టి. మూడో రోజు అక్కడి నుంచి ఫోన్ వచ్చింది: "అన్నం చాలామంది తెస్తున్నారండీ. కొవ్వొత్తులు, దోమల చక్రాలు, పాల ప్యాకెట్లు తెండి." ముందే అడిగి ఉంటే బాగుండేది.

గ్రంథాలయం గది మళ్ళీ తెరిచాం. మన పక్కనున్న పెదపాలెంలో పాతూరి నాగభూషణం గారు 1935లోనే కాలువ మీద పడవలో పుస్తకాలు తిప్పారు. పడవ వచ్చే వేళకి జనం గట్టున నిలబడి ఎదురుచూసేవాళ్ళట. మనం మాత్రం ఉన్న గదికి తాళం వేసి తాళంచెవి పోగొట్టుకున్నాం. ఇంటి పన్ను కడుతున్నప్పుడు ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నామని మీలో ఎంతమందికి తెలుసు? నేను పోయినేడే తెలుసుకున్నాను. ఇప్పుడు సాయంత్రం 5 నుంచి 8 దాకా తెరుస్తున్నాం. పిల్లలు సగం మంది ఫోన్ ఛార్జింగ్‌కే వస్తున్నారు, రానివ్వండి. చెదలు పట్టిన పుస్తకాలు ఎండలో పెట్టి, బాగున్నవి వేరు చేశాం. బీరువా ఒకటి కావాలి.

మొక్కల విషయంలో ఓడిపోయాం. రోడ్డు పక్కన 60 నాటితే 11 మిగిలాయి. ముళ్ళకంప కట్టకుండా నాటడం మన తప్పు, మేకల తప్పు కాదు. మిగిలినవాటిలో ఏపుగా ఉన్నవి టీ కొట్టు ముందున్నవే. కొట్టు అక్క గ్లాసులు కడిగిన నీళ్ళు వాటికే పోస్తోంది.

ఊరి ముందు స్వాగత తోరణం కట్టించమని చాలామంది అడుగుతున్నారు. ఫోటోకి బాగుంటుంది, కాదనను. కానీ 15వ ఆర్థిక సంఘం (2021–26) పంచాయతీలకి ఇచ్చే డబ్బులో 60 శాతం దేనికి ఖర్చు పెట్టాలో ముందే తేల్చేశారు, అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా దాంట్లోంచి తోరణం అడిగితే మురుగు కాలువలు ఆగుతాయి. బయట ఉన్న మనవాళ్ళు చందా వేసి కట్టిస్తామంటే అడ్డు చెప్పం. కాకపోతే గ్రంథాలయం బీరువా అంతకంటే చవక.

కొత్త సిమెంటు రోడ్డు రెండు వీధుల్లో గుమ్మాల కంటే ఎత్తు లేచి వాన నీళ్ళు ఇళ్ళలోకి వస్తున్నాయి. ఫిర్యాదు ఇచ్చాం, పని కాలేదు. డిసెంబరులో జరిగిన సాగునీటి సంఘం ఎన్నికల తర్వాత కొత్త కమిటీని కలిసి కాలువలో గుర్రపుడెక్క తీయించమని అడిగాం. కొంత తీశారు. వానాకాలానికి మళ్ళీ కమ్ముకుంటుంది.

ఈసారి కాలువలు కట్టే ముందే చెరువు నింపుకోవాలి. తూము తలుపు బిగుసుకుపోయి ఉంది, రెండు మూడు రోజుల్లో నలుగురం వెళ్ళి చూద్దాం. గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక సభ తేదీ తెలియగానే మైకులో చెప్పిస్తాం. చెరువు గట్టుకి కంచె, రెండు వీధుల్లో మురుగు కాలువలు అందులో రాయించాలి. సర్వసభ్య సమావేశం వచ్చే ఆదివారం ఉదయం 8 గంటలకి, గుడి మండపంలోనే. వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని వెంటబెట్టుకు రండి, చేల పేర్ల పుస్తకంలో తూర్పు మాగాణి పేజీలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

సర్వే రోజు ఎవరో ఇచ్చిన పలుగు మా పెరట్లోనే ఉంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి.

కార్యదర్శి